అది పెయింటింగ్ కాదు, ప్రింట్

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ పత్రికలో ఒక సమకాలీన చిత్రకారుడి పెయింటింగ్ వేలంలో భారీ ధర పలికిందని పెద్ద హెడింగ్ పెట్టి వేశారు. వార్త చివరికి వెళ్తే, అది పరిమిత సంఖ్యలో వేసిన ప్రతుల్లో ఒకటి అని ఉంది. అంటే అది ప్రింట్. మరి పైన పెయింటింగ్ అని ఎందుకు రాసినట్టు? మాట కోసం పట్టింపు అనుకోకండి, ఇరవై రెండేళ్లు స్క్రీన్ ప్రింటింగ్ పని చేసినవాణ్ణి కాబట్టి రాయకుండా ఉండలేకపోయాను.

స్క్రీన్ అంటే ఫ్రేమ్‌కి బిగించిన సన్నటి జాలీ గుడ్డ, బొమ్మ ఉన్నచోట మాత్రమే అందులోంచి రంగు కాగితం మీదికి దిగుతుంది. రంగుకో స్క్రీన్ కావాలి. ఐదు రంగుల బొమ్మ అయితే ప్రతి కాగితం ఐదుసార్లు ఫ్రేమ్ కిందికి వెళ్లాలి, మధ్యమధ్యలో ఆరాలి, ఏ ఒక్క రంగు వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆ కాగితం పక్కన పడేయాల్సిందే. చిత్రకారుడు ఇలా ముద్రించడానికే బొమ్మ తయారు చేసి, రంగులు దగ్గరుండి చూసుకుని, నచ్చినవాటి మీద పెన్సిల్‌తో నంబరు వేసి సంతకం పెడితే అది ఒరిజినల్ ప్రింటే. దాన్ని నకలు అనడం తప్పు, పెయింటింగ్ అనడమూ తప్పే. ఎప్పుడో వేసిన పెయింటింగ్‌ని ఫొటో తీసి ఇంక్‌జెట్ మీద అచ్చేసి అమ్మేది పూర్తిగా వేరే వస్తువు, కానీ దాని మీదా సంతకం, నంబరు ఉండొచ్చు.

బ్రిటన్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ వేసిన 'గర్ల్ విత్ బెలూన్' సంగతి చూడండి. 2018 అక్టోబరులో లండన్‌లో సోథ్‌బీస్ సంస్థ వేలంలో అమ్మకం ఖాయమై సుత్తి పడగానే, ఫ్రేమ్‌లో దాచిన యంత్రం నడిచి సగం బొమ్మ పీలికలైంది. అది కాన్వాస్ మీద వేసింది. అదే పీలికల బొమ్మ 2021లో మళ్లీ వేలానికి వచ్చి కోటి 85 లక్షల పౌండ్లు దాటింది. ఇదే బొమ్మకి 2004 నాటి స్క్రీన్ ప్రింట్లు వేరే ఉన్నాయి, సంతకం ఉన్నవి 150, లేనివి 600. 2018లో ఆ గొడవ జరిగిన కొద్ది రోజులకే ఒకాయన తన దగ్గరున్న ప్రింట్‌ని కత్తితో పీలికలు కోశాడని, 40 వేల పౌండ్లు చేసే కాగితం ఎందుకూ కొరగాకుండా పోయిందని వార్తలొచ్చాయి. పీలికలైతే ఆ కాన్వాస్‌లాగే తన కాగితానికీ విలువ పెరుగుతుందనుకుని ఉంటాడు. చదివి నాకు చాలా బాధేసింది.

ధర కూడా ఏ ధరో చెప్పాలి. 2018లో సుత్తి పడింది 8 లక్షల 60 వేల పౌండ్ల దగ్గర, వేలం సంస్థ ఫీజు కలిపితే 10 లక్షల 42 వేలు. పైగా ఇలాంటి వేలంలో వచ్చే డబ్బంతా చిత్రకారుడికే అనుకుంటారు చాలామంది. అది అమ్మినవాళ్లకి వెళ్తుంది. బ్రిటన్‌లో 2006 నుంచి రీసేల్ వాటా హక్కు ఉంది, అంటే బొమ్మ మళ్లీ అమ్ముడైనప్పుడు చిత్రకారుడికి కొంత వాటా వస్తుంది, పరిమిత ప్రింట్లకీ వర్తిస్తుంది, కానీ అది 4 శాతం దగ్గర మొదలై ధర పెరిగేకొద్దీ తగ్గుతుంది, ఎంత పలికినా 12,500 పౌండ్లు దాటదు.

అన్నిటికంటే ముఖ్యం ప్రతుల సంఖ్య. రాగి రేకు మీద సూదితో గీసే డ్రైపాయింట్‌లో గీత అంచున లేచిన రాగి పొర ప్రెస్ ఒత్తిడికి అణిగిపోతుంది, కొన్ని పదుల ప్రతులు తీసేసరికి గీత పలచబడుతుంది. అక్కడ హద్దు ఆ రేకే పెడుతుంది. స్క్రీన్ అలా కాదు, వందలు తీయొచ్చు. స్క్రీన్ కడిగేసినా, బొమ్మ ఉన్న ఫిల్మ్ దాచి ఉంటే మళ్లీ ఎక్స్‌పోజ్ చేసి, అంటే వెలుతురు పట్టించి, ఆ బొమ్మని స్క్రీన్ మీదికి ఎక్కించుకోవచ్చు, నేనే ఎన్నోసార్లు చేశాను. కాబట్టి 150 దగ్గర ఆగడం చిత్రకారుడు ఇచ్చిన మాట మీదే నడుస్తుంది. కొనేవాళ్లు అంత డబ్బు పెట్టేది ఆ మాటని నమ్మే. అలాంటప్పుడు ఎన్ని ప్రతులు వేశారో రాయకుండా ధర ఒక్కటే రాస్తే చదివేవాళ్లకి ఏం తెలుస్తుంది?

మీ వార్త చూసి మా తోడల్లుడు ఆశగా ఫోన్ చేశాడు, ఆయన దగ్గరా లిమిటెడ్ ఎడిషన్ ఒకటి ఉంది, సర్టిఫికెట్‌తో సహా. వెళ్లి చూశాను. సర్టిఫికెట్ మీద సీలుంది గానీ మొత్తం ఎన్ని వేశారో ఎక్కడా లేదు. భూతద్దం పెడితే బొమ్మంతా సన్నటి చుక్కలు, ఫొటో తీసి అచ్చేసింది. చెప్పలేక చెప్పాను.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు అది ఏ రకం ప్రింటో, ఎన్ని ప్రతుల్లో ఒకటో, సంతకం ఉందో లేదో, రాసిన ధరలో ఫీజు కలిసిందో లేదో రెండు లైన్లలో ఇవ్వండి. మొన్నటి వార్తకి సవరణ కూడా వేయండి, మా తోడల్లుడు ఆ కటింగ్ ఇంకా దాచుకునే ఉన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు