బ్రెయిల్ పీరియడ్ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జనవరి 4న బ్రెయిల్ దినోత్సవం జరిపినప్పటి నుంచి మీ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ అని తెలిసింది. ఫోనే పాఠం చదివి వినిపిస్తుంటే చూపులేని పిల్లలకు ఇంకా వేళ్లతో తడిమి చదివే ఈ బ్రెయిల్ చుక్కలెందుకు, ఆ పీరియడ్‌లో కంప్యూటర్ నేర్పొచ్చు కదా అని. బ్రెయిల్ పీరియడ్ తీసేయం. కంప్యూటర్ ఎలాగూ నేర్పుతున్నాం.



ఫోను మాట వినిపిస్తుంది. ఆ మాటలో ఒత్తు ఎక్కడుందో, దీర్ఘం ఎక్కడుందో పిల్లలకు వేలికి తగిలితేనే తెలుస్తుంది. చూపున్న పిల్లలకు పుస్తకం ఇవ్వకుండా పాఠాలు వినిపించి పదో తరగతి పరీక్షకు పంపుతారా? ఈ లిపిని తయారుచేసిన లూయీ బ్రెయిల్ చదివిన పారిస్ అంధుల బడిలో ఉబ్బెత్తు అక్షరాలు తడిమి చదవాల్సి వచ్చేది. వాటితో పిల్లలు సొంతంగా రాసుకోవడం కుదిరేది కాదు. ఫ్రెంచి సైనికాధికారి చార్లెస్ బార్బియే తయారుచేసిన పన్నెండు చుక్కల పద్ధతిని, వేలికొస కింద ఒక్కసారిగా పట్టేలా లూయీ ఆరు చుక్కలకు తెచ్చాడు. అప్పటికి పదిహేనేళ్లవాడు. 1829లో అది అచ్చయింది. తర్వాత ఆ బడి పెద్దే దాన్ని నిషేధిస్తే, పిల్లలు చాటుగా రాసుకున్నారు! ఒక బడి నడిపే మనిషిగా నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. లూయీ 1852లో చనిపోయాడు, ఫ్రాన్స్ ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో.

మన భాషలన్నిటికీ కలిపి 1951లో భారతి బ్రెయిల్ వచ్చింది. అందులో తెలుగు ‘క’కీ తమిళ ‘క’కీ అవే రెండు చుక్కలు. చెన్నైలో ఉన్న మన పిల్లలకు ఇది ఎంత మేలో బ్రెయిల్ దినోత్సవం రోజు వచ్చినవాళ్లు చూశారు. మన ఏడో తరగతి అమ్మాయి తెలుగు పేజీ గడగడా చదివి, తమిళ పేజీ కూడబలుక్కుని పూర్తిచేసింది. ఐదో తరగతి బాబు కాగితం బిగించే బ్రెయిల్ పలక మీద, వెనకవైపు నుంచి గుచ్చాలి కాబట్టి కుడి నుంచి ఎడమకు, స్టైలస్ అనే మొనదేలిన పుల్లతో గుచ్చుతూ రాసిన డిక్టేషన్‌లో ఒక్క ఒత్తు తప్పలేదు. ఆ కాగితం నా టేబుల్ మీదే ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఇక ఇంటి సంగతి. బ్రెయిల్ పుస్తకాల మీద దయచేసి టిఫిన్ బాక్సులు, బట్టల దొంతరలు పెట్టకండి. చుక్కలు అణిగిపోతే ఆ పేజీ ఎందుకూ పనికిరాదు. ఈ మాట ఇదివరకే చెప్పాం. ఫోనులో పాఠం వినిపించేసి ‘చదివించాం’ అని డైరీలో సంతకం పెడుతున్నవాళ్లూ ఉన్నారు. మీకు తీరిక ఉండదని తెలుసు, అయినా రోజూ ఒక్క పేజీ వేళ్లతో చదివించండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం తల్లిదండ్రులకే బ్రెయిల్ క్లాసు పెడుతున్నాం. పలకలు, కాగితాలు మేమే ఇస్తాం. గ్రూపులో అభిప్రాయం రాసినవాళ్లు తప్పకుండా రావాలి. పేర్లు శుక్రవారంలోగా ఆఫీసులో ఇవ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు