టెంట్ల కంటే ముందు ఇనుప పెట్టెలు

సంపాదకులకు నమస్కారం.

మన కొండల్లో టెంట్లు వేసుకుని రాత్రి గడిపే ఏర్పాట్లు రావాలని, అవి వస్తే తిరుపతికి వచ్చిన భక్తులు ఇంకో రోజు ఆగుతారని మీ జిల్లా పేజీలో ఈమధ్య తరచుగా రాస్తున్నారు. ఆలోచన బాగుంది. కానీ చదివిన ప్రతిసారీ అందులో కాటేజీలు ఉంటాయి, సెల్ఫీ పాయింటు ఉంటుంది, పిల్లలకు ఊయలలు ఉంటాయి. మరుగుదొడ్డి మాట ఉండదు. తినగా మిగిలింది ఎక్కడ వేయాలో ఉండదు. రాత్రి అక్కడ బాధ్యతగా ఉండే మనిషి ఎవరో ఉండదు. అందుకే రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో తిరుమల ఘాట్ మీద బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి అమెరికాలో, డాలస్‌లో ఉంటాడు. నన్నూ మా ఇంటావిడనూ పిలిపించుకున్నప్పుడు టెక్సాస్ పడమటి చివర, మెక్సికో సరిహద్దు మీద ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు తీసుకెళ్లాడు. ఎడారి నడుమ కొండలు, ఆ కొండల నడుమ పల్లం, అందులో క్యాంప్‌గ్రౌండ్. పేరు చీసోస్ బేసిన్. అక్కడ హోటల్ గదిలో కాకుండా మా టెంటులో మేం పడుకున్నాం.

దారి సంగతి రాయకుండా ఉండలేను, డ్రైవర్ని కదా. మారథాన్ అనే చిన్న ఊరు దాటాక పార్కు ఆఫీసు వచ్చేదాకా దాదాపు 70 మైళ్లు, అంటే నూటపది కిలోమీటర్ల పైన, టీకొట్టు కూడా లేదు. ఫోనులో సిగ్నల్ పోయిందని మా కోడలికి టెన్షన్. నేనేమో పెట్రోలు ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాను. రెండు పక్కలా నాగజెముడు, కిత్తనార, ముళ్లకంప. సీమవాడికి అదేం వింత కాదు. ఆ ఎండలో మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీళ్లు, అంటే మూడున్నర లీటర్లకు పైమాటే, వెంట ఉంచుకోమని పార్కువాళ్లు చెబుతారు. మావాడు డిక్కీ నిండా నీళ్ల క్యాన్లే పెట్టాడు.

అసలు కొండ దారి మొదలయ్యే చోట ఒక బోర్డు ఉంది. 24 అడుగులు దాటిన ఆర్వీలు, 20 అడుగులు దాటిన ట్రైలర్లు ఈ దారికి పనికిరావని దాని సారాంశం. ఆర్వీ అంటే బస్సులోనే వంటిల్లు, మంచం ఉండే బండి. వంపులు అంత బిగువుగా ఉన్నాయి. చివర క్యాంప్‌గ్రౌండులోకి దిగే రోడ్డు వాలు పదిహేను శాతం, చిన్న గేరులో దిగాల్సిందే. మావాడు బ్రేకు తొక్కుతూ దిగుతుంటే నా కాలు కూడా ఊరికే నేలను తొక్కుతోంది. పెద్ద బండి ఇరుక్కున్నాక క్రేను పిలవడం కాదు, ఎంత పొడవు బండి పోగలదో కింద ఎక్కకముందే చెప్పడం నాకు నచ్చింది. మన మొదటి ఘాట్ రోడ్డు వేసిందీ, ఈ పార్కు ఏర్పడిందీ ఒకే ఏడాది, 1944లో. మన దాంట్లో 36 మలుపులు. అవి తిప్పిన చేతులకు చీసోస్ మలుపులు కష్టమేం కాదని మా అబ్బాయితో అన్నాను గానీ, వాడు స్టీరింగ్ నా చేతికివ్వలేదు.

క్యాంప్‌గ్రౌండ్ ఎత్తు 5,400 అడుగులు. మన హార్స్‌లీ హిల్స్ కంటే వెయ్యి అడుగులకు పైనే. కింద ఎడారిలో చెమటలు కారితే, పైన సాయంత్రానికి స్వెట్టర్ వెతుక్కున్నాం. మొత్తం 60 జాగాలు, ఒక్కోదానికి ఒక నంబరు. నంబరు మీది అయితే ఆ కాస్త చదును నేల, ఒక బల్ల, బొగ్గుల మీద కాల్చుకునే పొయ్యి, ఒక ఇనుప పెట్టె మీవి. అంతే. మేం వెళ్లినప్పుడు అద్దె రాత్రికి 16 డాలర్లు, అదీ మొత్తం జాగాకు. నీళ్లొచ్చే మరుగుదొడ్లు ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి. స్నానానికి ఏర్పాటు లేదు, దానికి మాత్రం మా ఇంటావిడ మొహం మాడ్చుకుంది.

ఇప్పుడు ఆ ఇనుప పెట్టె సంగతి. ఆ కొండల్లో తిరిగే ఎలుగుబంట్లకు అందకుండా తిండి దాచుకోవడానికి పెట్టింది అది. నేను అమెరికాలో చూసిన వాటన్నిటిలో నాకు గుర్తుండిపోయింది అదే. మందమైన రేకుతో చేసి నేలకు బిగించారు. తలుపు గడియ బయటికి కనిపించదు. ఒక రేకు గూడులోకి కిందినుంచి వేళ్లు పోనిచ్చి, లోపలున్న పిడిని పైకి నొక్కితే తెరుచుకుంటుంది. మనిషి వేళ్లు పడతాయి, ఎలుగుబంటి పంజా పట్టదు. కళ్లు మూసుకుని చేయగలిగేంత సులువు, కానీ ఎలుగుకు అసాధ్యం. ఎవరు ఆలోచించారో గానీ, వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

తిండి మాత్రమే కాదు, వాసన వచ్చే ప్రతిదీ అందులోకి పోవాలి. మా ఇంటావిడ తెచ్చిన రాగిపిండి, చెనక్కాయల పొడి, గోంగూర పచ్చడి, నెయ్యి డబ్బా పోయాయి. తర్వాత టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, మనవడి పౌడరు కూడా. "ఏమిరా, ఎలుగ్గొడ్డు పళ్లు కూడా తోముకుంటుందా?" అని ఆమె మా అబ్బాయిని అడిగింది. చీకటి పడే వేళకు క్యాంప్ హోస్టులు వచ్చారు, మా వయసు దంపతులే. రిటైరయ్యాక ఇలా వలంటీర్లుగా వచ్చి, అక్కడే తమ బండిలో ఉంటూ క్యాంప్‌గ్రౌండ్ చూసుకునేవాళ్లు ఆ దేశం పార్కుల్లో చాలామంది ఉన్నారట. ఆయన బల్ల మీద, బల్ల కింద టార్చి వేసి చూశాడు. మనవడి జేబులో ఉన్న చాక్లెట్ కాగితం బయటపెట్టించి పెట్టెలో వేయించాడు. ఖాళీ కాగితమే! ఒక్కసారి మనిషి తిండి రుచి తగిలితే ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుందని, చివరికి దాన్ని పట్టి దూరంగా వదలాల్సి వస్తుందని, అప్పటికీ మానకపోతే చంపాల్సి వస్తుందని చెప్పాడు. తప్పు తిన్న ఎలుగుది కాదు, వదిలినవాడిది అన్నాడు.

ఆ ఎలుగుల కథ మన చిత్తూరువాళ్లు వినాలి. 1940ల నాటికి వేటవల్ల, పశువుల కాపర్లవల్ల ఆ కొండల్లో నల్ల ఎలుగు లేకుండా పోయింది. ఎవరూ తెచ్చి వదల్లేదు. 1980ల చివర్లో అవే సరిహద్దు నదికి అవతల, మెక్సికో కొండల నుంచి ఎడారి దాటి తిరిగొచ్చాయి. పిల్లల్ని పెట్టాయి. వచ్చినవాటిని తరమకుండా పార్కువాళ్లు జాగా జాగాకూ పెట్టె బిగించారు. సరిగ్గా అదే 1980ల్లో మన పలమనేరు, కుప్పం అడవుల్లోకి హోసూరు, ఆనేకల్ వైపు నుంచి ఏనుగులు వచ్చాయి. తరతరాలుగా ఇక్కడ ఏనుగే లేదు. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. ఆ తర్వాత చెరకుతోట పోయిన రైతు గోడు, కరెంటు తీగకు తగిలి చచ్చిన ఏనుగు ఫోటో మీ పేపర్లోనే ఎన్నోసార్లు చూశాను. జంతువు తిరిగొస్తే దానికీ మనిషికీ నడుమ ఏం పెట్టాలన్నది రెండుచోట్లా ఒకటే ప్రశ్న.

ఏనుగుకు పెట్టె సరిపోదని నాకూ తెలుసు. కానీ తిరుపతి కొండల్లో ఉన్నది చిరుత. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసిన సంగతి ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ తర్వాత పిల్లలతో నడిచేవాళ్లకు వేళలు పెట్టారు, భక్తులకు కర్రలు ఇచ్చారు. చిరుత మన పులిహోర కోసం రాదు. పులిహోర కోసం కుక్కలు, పందులు వస్తాయి, వాటి కోసం చిరుత వస్తుంది. ఇది ఘాట్ మీద రాత్రి డ్యూటీలు చేసినవాళ్లలో ఎవరినడిగినా చెబుతారు. అలాంటి అడవి అంచున రాత్రిపూట వంద టెంట్లు వేయించి, మిగిలిన బిరియాని డబ్బాలు వెనక వాగులో పడేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. మా బంధువులతో ఒక ప్రైవేటు టెంట్ల జాగాకు వెళ్లాను, పేరు అక్కర్లేదు. మనిషికి ఇంత అని లెక్కగట్టి తీసుకున్నారు. అర్ధరాత్రి దాటేదాకా డీజే. మంట కోసం పక్కనున్న చెట్ల కొమ్మలే నరికారు. మరుగుదొడ్డి ఏదంటే చీకట్లోకి చెయ్యి చూపించారు. మా చెల్లెలు సాయంత్రం నుంచి మంచినీళ్లు ముట్టలేదు, మళ్లీ లేవాల్సి వస్తుందని. తెల్లారి చూస్తే టెంట్ల వెనక వాలులో డబ్బాలు, సీసాలు, వాటి మధ్య పందులు. ఆడవాళ్లు నీళ్లు తాగడానికి భయపడే చోటును టూరిజం అని ఎలా పిలుస్తాం?

చీసోస్‌లో కట్టెల మంట అసలు వేయనివ్వరు. ఆ పార్కులో ఎక్కడా వేయనివ్వరు. గ్యాస్ స్టవ్వు మీదో, పొయ్యిలో బొగ్గుల మీదో వండుకోవాలి. మా ఇంటావిడ చిన్న స్టవ్వు మీద సంగటి కెలికింది, గాలికి మంట ఆరిపోకుండా మావాడు అట్టపెట్టె అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. చలిమంట లేకపోతే టెంటు మజా ఏముందని మన కుర్రాళ్లు అంటారు. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఎండిన బోదగడ్డి, ఎర్రచందనం, వేసవి గాలి ఉన్నచోట మజా ఇంకో రకంగా చూసుకోవాలి.

రాత్రి పది దాటితే గొంతు తగ్గించాలన్నది అక్కడి నిబంధన. వీధిదీపాలు లేవు. 2012 నుంచి ఆ పార్కుకు చీకటి ఆకాశం ఉన్న చోటుగా అంతర్జాతీయ గుర్తింపు ఉంది. మా మనవడు చుక్కలు లెక్కపెడతానని మొదలుపెట్టి ఎప్పుడో నిద్రపోయాడు. నాకు మాత్రం పక్క జాగాల పెట్టెలు ధన్ ధన్ మని మూసుకోవడం వినిపిస్తూనే ఉంది. దాని తర్వాత ఇక ఏ చప్పుడూ లేదు.

అది డబ్బున్న దేశం, మనకు కుదరదు అంటారేమో. అక్కడ ఉన్నది రేకు పెట్టె, సిమెంటు బల్ల, నంబరు రాసిన కర్ర, కడిగిన మరుగుదొడ్డి. ఒక్క ఏసీ కాటేజీ ఖర్చుతో ఇలాంటి జాగాలు ఎన్ని వస్తాయో ఏ కాంట్రాక్టరునైనా అడగండి. మనవాళ్లు మాట వినరు అంటారా? తిరుమల మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేస్తే జనం గాజు సీసాలకు అలవాటు పడలేదా?

అక్కడివన్నీ దించేయమనడం లేదు. జాగాలన్నీ నెలల ముందే ఇంటర్నెట్‌లో అయిపోతాయి, అది నాకు నచ్చలేదు. మన దగ్గర సగమైనా నేరుగా వచ్చినవాళ్లకు ఉంచాలి. అభయారణ్యం లోపల టెంట్లు అసలే వద్దు. అడవి అంచున, ఊరికి దగ్గరగా చాలు. తలకోన వైపు నెరబైలు వాళ్లకు వన సంరక్షణ సమితి పేరుతో పర్యాటకుల పని చూసిన అనుభవం ఉంది. రాత్రి బాధ్యత వాళ్లకు జీతంతో ఇవ్వండి. తోడుగా మాలాంటి రిటైరైనవాళ్లను పిలవండి. ఇంట్లో టీవీ ముందు కూర్చునే డ్రైవర్లు, మేష్టర్లు ఈ ఊళ్లో బోలెడుమంది ఉన్నారు. టార్చి పట్టుకుని తిరగడం మాకు చేతకాని పనేం కాదు. మరుగుదొడ్లు ఎన్ని ఉంటే దాన్నిబట్టే టెంట్లు ఎన్నో తేల్చండి, తలకిందులుగా కాదు.

ఇక పెట్టె. ఎలుగు పంజా పట్టని గడియ ఒక్కటే మన దగ్గర సరిపోదు, ఎందుకంటే మనకు కోతి బెడద కూడా ఉంది. దాని చెయ్యి మన చెయ్యి కంటే చిన్నది. గూడులోకి హాయిగా పోతుంది, పిడి నొక్కడం ఒక్కసారి చూస్తే నేర్చుకుంటుంది. అందుకని తలుపుకు రెండువైపులా రెండు గూళ్లు పెట్టి, వాటి లోపలి పిడులకు బిగువైన స్ప్రింగు వేసి, రెండు చేతులతో ఒకేసారి రెండూ నొక్కితే గానీ తెరుచుకోకుండా చేయాలి. రెండు పిడులకూ మధ్య దూరం మూడడుగులు ఉంటే కోతి చేతులకు అందదు. మా వీధిలో వెల్డింగ్ షాపు కుర్రాడికి కాగితం మీద గీసి చూపించాను. బస్సు డిక్కీ తాళం కంటే సులువేనన్నాడు. అధికారులెవరైనా అడిగితే ఆ గీత ఇస్తాను, ఊరికే.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత డ్రైవర్,
కొర్లగుంట, తిరుపతి.