వీలునామా రాయించే ఏర్పాటు మండలంలోనే కావాలి

సంపాదకులకు నమస్కారం.

దేవరకొండలో దస్తావేజులు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. చింతపల్లి, డిండి, చందంపేట వైపు నుంచి, అప్పుడప్పుడు కల్వకుర్తి నుంచి కూడా మనుషులు మా దగ్గరికి వస్తుంటారు. భూముల ధరలు పెరిగినకొద్దీ వారసత్వపు తగాదాలూ పెరిగాయి. ఇంటిపెద్ద బతికుండగా ఒక్క కాగితం సరిగ్గా రాసిపెట్టి ఉంటే వీటిలో చాలావరకు పుట్టేవే కావు. ఈ విషయంలో ప్రభుత్వం పెద్దగా ఖర్చు లేకుండా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. అవి చెబుదామనే ఈ లేఖ.

ఈ మధ్య ఒక ముసలామె తన భర్త వీలునామాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చింది. వంద రూపాయల స్టాంపు కాగితం, కింద ఆయన వేలిముద్ర, పక్కన నోటరీ ముద్ర. సాక్షి సంతకం మాత్రం ఒక్కటే ఉంది. ‘నోటరీ చేయించినం గద సారూ, ఇంకేం గావాలె’ అని అడిగింది. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండి తీరాలని 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ చెబుతోంది. రాసిన మనిషి సంతకమో వేలిముద్రో పెట్టడం వాళ్లు చూడాలి, లేదా అది తనదేనని ఆయన నోట వినాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. నోటరీ ముద్ర రెండో సాక్షికి బదులు కాదు. అక్కర్లేని స్టాంపుకు డబ్బు పెట్టారు, కావాల్సిన సంతకం మరిచారు. ఆమె చెల్లెలో తమ్ముడో పక్కనుండి ఈ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పేవాళ్లే లేరు.

వీలునామా మాటెత్తితే పెద్దలు ‘నన్ను అప్పుడే పంపిస్తున్నరా’ అని నొచ్చుకుంటారు. ఆస్తి కోసం తొందరపడుతున్నారనుకుంటారేమోనని పిల్లలు నోరు విప్పరు. మనిషి పోయాక పెద్దమనుషులు కూర్చొని పంచుతారు. ఆ పంపకం చాలాసార్లు చట్టానికి పొసగదు. వీలునామా లేకుండా హిందూ పురుషుడు చనిపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన వాటా భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే తల్లికి సమానంగా వస్తుంది. తల్లికీ వాటా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. పెళ్లాం పిల్లలున్న రైతు చిన్న వయసులో పోతే రైతుబీమా ఐదు లక్షలు నామినీ ఖాతాలో పడతాయి. భూమి దగ్గరికొచ్చేసరికి అత్తాకోడళ్లు చెరొక వైపు నిలబడతారు. ఇద్దరికీ హక్కుంది, ఇద్దరికీ బతుకుతెరువు కావాలి.

కూతుళ్ల విషయంలో ‘కట్నమిచ్చినం, అయిపోయింది’ అనే మాట ఇంకా వింటున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1985 సెప్టెంబరు 5 నుంచే పూర్వీకుల ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించి ఆ హక్కును కూతుళ్లందరికీ ఇచ్చింది. కాబట్టి తాతల నాటి భూమి మొత్తాన్నీ తండ్రి ఒక్క కొడుకు పేర వీలునామా రాస్తే చెల్లదు, తన వాటా వరకే రాయగలడు. సొంత కష్టార్జితమైతే ఎవరికైనా రాయవచ్చు. ముస్లింలు మిగతా వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు. మా చుట్టూ ఉన్న తండాల సంగతి వేరు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు, ఆచారమే ముందుకొస్తుంది. అక్కడ కూతురికి ఏదైనా ఇవ్వాలనుకునే తండ్రికి కాగితం రాసిపెట్టడం మరీ అవసరం.

ఇక జీపీఏ, అంటే మన తరఫున పనులు చేయమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం. పాలమూరు నుంచి, మా దేవరకొండ వైపు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లేవాళ్లు అన్నకో బావమరిదికో జీపీఏ ఇచ్చిపోతారు. బతికున్నంతవరకు అది పనికొస్తుంది. ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ కాగితం కూడా ఆ రోజుతోనే పోతుంది, వీలునామాగా పనికిరాదు. ఇచ్చినవారికి మతి తప్పినా అధికారం ఆగిపోతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. కుటుంబానికి అసలు అవసరం పడేది అప్పుడే కదా! తండ్రి స్పృహ లేకుండా ఆసుపత్రిలో పడి ఉంటే వైద్యానికి పొలం అమ్మాలన్నా పిల్లలు హైకోర్టు దాకా పోవాల్సి వస్తోంది. ఈ లోటును మన ఎంపీలు పార్లమెంటులో లేవనెత్తాలి. జీపీఏ మీద ప్లాటు కొనుక్కొని ఇల్లు కట్టినవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. దానితో యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేవి గిఫ్ట్ డీడ్‌లు, అంటే బతికుండగానే ఆస్తిని ఉచితంగా రాసిచ్చే దస్తావేజులు. కొడుకు ఒత్తిడికి తలవంచి ఉన్నదంతా రాసిచ్చిన తల్లిదండ్రులు తర్వాత బువ్వకు కూడా వెతుక్కోవడం నేను చూస్తున్నాను. వీలునామాను బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, గిఫ్ట్ ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కష్టం. తల్లిదండ్రుల పోషణ చట్టం (2007) 23వ సెక్షన్ కింద ఆర్డీఓ ట్రిబ్యునల్ అలాంటి గిఫ్ట్‌ను రద్దు చేయగలదు. అందుకు ‘మమ్మల్ని పోషించాలి’ అన్న షరతు దస్తావేజులో స్పష్టంగా రాసి ఉంటేనే గట్టి బలం. ఆ ఒక్క వాక్యం లేక వృద్ధులు కేసులు పోగొట్టుకుంటున్నారు. అరవై దాటిన వాళ్లు గిఫ్ట్ డీడ్ తెస్తే, ఆ షరతు రాయించుకుంటారా అని రిజిస్ట్రేషన్ సిబ్బంది వాళ్లనే ఎదుట కూర్చోబెట్టి అడగాలి. దస్తావేజులు రాసే మేమూ అడగాలి.

మతి ఎదగని బిడ్డ ఉన్న ఇళ్లకు ట్రస్టు మంచి దారి. ట్రస్టు అంటే గుడిదో బడిదో అనుకుంటాం గానీ, 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ఒక బిడ్డ పోషణ కోసమే ట్రస్టు రాసి, ఆ ఆస్తిని చూసుకునే ట్రస్టీలుగా నమ్మకస్తులను పెట్టవచ్చు.

అధికారులకు నా మనవి ఇది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మండలానికొక రోజు పెట్టి, గ్రామసభతో కలిపి వీలునామా శిబిరం నడపాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇప్పటికే చట్టంలో ఉంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయిస్తే తర్వాత గొడవ తక్కువ. మంచాన పడ్డవాళ్ల ఇంటికే సబ్ రిజిస్ట్రార్ వచ్చి నమోదు చేసే వీలు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఆ మాట, దానికయ్యే ఫీజు పెద్దక్షరాలతో ప్రతి ఆఫీసు ముందూ బోర్డు మీద రాయాలి. భూమి రికార్డుల కోసం 2025లో వచ్చిన భూభారతి చట్టం కింద విరాసత్‌కైనా (వారసుల పేర పట్టా మార్పు) వీలునామాకైనా తహసీల్దార్ వారసులకు నోటీసులిచ్చి విచారించాలి. ఆ నోటీసు ముంబైలో ఉన్న కొడుక్కీ, అత్తగారింట ఉన్న కూతురికీ నిజంగా అందేలా చూడాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో ఒక నమూనా వీలునామాను, సాక్షులు ఎక్కడ సంతకం పెట్టాలో చూపిస్తూ అచ్చు వేయండి. దాన్ని కత్తిరించి మా చుట్టుపక్కల పంచాయతీ ఆఫీసుల్లో అంటించే పని నేను చేస్తాను.

– ఒక దస్తావేజు లేఖరి, దేవరకొండ, నల్లగొండ జిల్లా