"సంతానం" అంటే ఎవరో వీలునామాలోనే తేల్చి రాయించాలి

సంపాదకులకు,

మా తాతగారు తన కొట్లను ఒక ట్రస్టుకు అప్పగిస్తూ వీలునామాలో ఒకే ఒక్క వాక్యం రాయించారు: "వీటిపై వచ్చే ఆదాయమును నా సంతానము సమానముగా అనుభవించవలెను." ఆయన పిల్లలు ముగ్గురూ ఉన్నన్నాళ్లూ ఏ గొడవా రాలేదు. వాళ్లు పోయాక ఏడుగురు మనవలం మిగిలాం. పెదనాన్నకు ఒక్కడే కొడుకు, మా నాన్నకు మేమిద్దరం, అత్తయ్యకు నలుగురు. శాఖల వారీగా పంచితే పెదనాన్న కొడుక్కి మూడో వంతు, అత్తయ్య పిల్లలకు తలా పన్నెండో వంతు. తలల లెక్కన పంచితే అందరికీ ఏడో వంతే. "సమానముగా" అన్న మాటను ఎవరి వైపుకు వాళ్లం లాక్కున్నాం. ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసినవాళ్లం, కోర్టు వరండాలో మొహాలు తిప్పుకుని నిలబడుతున్నాం.

ఈ తప్పు కోర్టులది కాదు. వీలునామా రాసినవారి ఉద్దేశమే ముఖ్యమని, ఒక్క మాట పట్టుకోకుండా పత్రం మొత్తం చదివి అర్థం తీయాలని 1925 నాటి భారత వారసత్వ చట్టమే చెబుతోంది (82వ సెక్షన్). రాసినాయన కుర్చీలో తామే కూర్చున్నట్టు, అప్పటి కుటుంబం, ఆస్తి ఎలా ఉన్నాయో చూసి న్యాయమూర్తులు నిర్ణయిస్తారు. కానీ ఆయన మనసులో ఏముందన్నా, కాగితం మీద ఉన్న మాటల్లోంచే తీయాలి కదా. "తాతయ్య నాతో ఇలా అన్నారు" అంటే చెల్లదు.

"పిల్లలు" అంటే మొదటి తరమేనని, "వంశీకులు" అంటే కింది తరాలన్నీ వస్తాయని అదే చట్టం 99వ సెక్షన్‌లో ఉంది. కానీ హిందువుల వీలునామాలకు వర్తించే సెక్షన్ల జాబితాలో అది లేదు, కాబట్టి మా తాతగారు రాయించిన "సంతానము" అన్న మాటకు అది నేరుగా వర్తించదు. ఈ సంగతి నాకు లాయరుగారు చెప్పేదాకా తెలియదు.

ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. గడువేమీ పెట్టకుండా ఒక నిధి మీద వచ్చే వడ్డీని ఎవరికైనా రాసేస్తే, 172వ సెక్షన్ ప్రకారం అసలు కూడా వాళ్లదే అయిపోతుంది. వడ్డీ మాత్రమే ఇచ్చాననుకున్న పెద్దాయన ఊహించనిది ఇది. అలాగే ఆదాయం ముందు కొడుక్కి, తర్వాత వీలునామా రాసినాయన పోయేనాటికి ఇంకా పుట్టని మనవడికి జీవితకాలం మాత్రమే అని రాస్తే, ఆ మనవడికి రాసినది చెల్లదు. 113వ సెక్షన్ ప్రకారం అలాంటివారికి రాసేటట్లయితే మిగిలిన హక్కు మొత్తం రాయాల్సిందే.

వీలునామా రిజిస్టరు చేయిస్తే ఇక టెన్షన్ లేదని చాలామంది అనుకుంటారు. మా తాతగారిదీ రిజిస్టరు అయినదే. రాసిన మాటలకు అర్థం స్పష్టంగా ఉందా లేదా అని సబ్ రిజిస్ట్రార్ చూడరు. అందుకే స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖను ఒక్కటే కోరుతున్నాను. వీలునామా రాయించుకునేవారు ఆలోచించుకోవాల్సిన ప్రశ్నలను ప్రతి కార్యాలయంలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పిల్లల్లో ఒకరు పోతే ఆ వాటా వాళ్ల పిల్లలకా, తోబుట్టువులకా? పంపకం శాఖల వారీగానా, తలల లెక్కనా? ఆదాయం ఎన్నాళ్లు, ఆ తర్వాత అసలు ఆస్తి ఎవరికి? డాక్యుమెంట్ రైటర్లు కూడా ఈ ప్రశ్నలు అడిగాకే కలం పట్టాలి. ఆనాడు మా తాతగారిని ఎవరైనా అడిగి ఉంటే రెండు నిమిషాల్లో జవాబు చెప్పేవారు.

— ఒక పాఠకురాలు