రొయ్య రేటులో అగ్రరాజ్యం

సంపాదకులకు నమస్కారం.

మన దేశం అగ్రరాజ్యం ఎప్పటికవుతుందని పత్రికల్లో చర్చ నడుస్తూనే ఉంది. జనాభా, జీడీపీ, క్షిపణుల లెక్కలు వేస్తున్నారు. వేయనివ్వండి. అసలు అగ్రరాజ్యం అంటే ఏమిటో తెలియాలంటే భీమవరం, ఆకివీడు వైపు ఏ రొయ్యల చెరువు గట్టెక్కినా చాలు.

ఇప్పుడు చెరువుల్లో పెంచేది ఎక్కువగా వెనామీ రకం రొయ్య. దాని పుట్టిల్లు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం. ఇక్కడ పెంచడానికి 2009లో అనుమతించారు. పిల్లలను తీసే హేచరీలకు తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా కంపెనీల నుంచి విమానంలో దిగుతాయి. చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి, పరీక్షలయ్యాకే హేచరీకి ఇస్తారు. పిల్లకు మొదటి రోజుల్లో పెట్టే ఆర్టీమియా అనే సన్నటి ఉప్పునీటి జీవుల్లో అమెరికాలోని యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్ గుడ్లకు పెద్ద పేరు. పెరిగిన రొయ్యకు పెద్ద బేరగాడూ అమెరికాయే. పురుడూ వాళ్లింటే, పెళ్లీ వాళ్లింటే. మధ్యలో నాలుగు నెలల చాకిరీ, కరెంటు బిల్లు, చెరువును తుడిచిపెట్టే వైట్‌స్పాట్ వైరస్ భయం మాత్రం మనవి.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై ముందు 25 శాతం సుంకం వేసింది. 27వ తేదీ నుంచి ఇంకో 25 కలిపింది. ఈ రెండోది రష్యా చమురు కొంటున్నందుకు. చమురు కొన్నది రిఫైనరీలు, దెబ్బ పడింది రొయ్యకు. మరీ చౌకగా అమ్ముతున్నామని వేసే యాంటీ డంపింగ్, సర్కారు రాయితీలున్నాయని వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. పోటీకొచ్చే ఈక్వడార్ రొయ్యకు అప్పుడు 15 శాతమే.

సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే, నిజమే. కానీ అతను ఆ మేరకు ధర తగ్గించమంటాడు. ప్రాసెసింగ్ ప్లాంటు రైతుకిచ్చే రేటు కోస్తుంది. ఆ కోత రైతు ఫోనుకు రావడానికి ఎంతోసేపు పట్టదు. వడ్లయితే బస్తాలకెత్తి కొన్నాళ్లు ఆగొచ్చు. 40 కౌంటు రొయ్యను, అంటే కిలోకు 40 తూగేదాన్ని, చెరువులోనే ఉంచాలంటే రోజూ మేత పడాలి, రాత్రంతా నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరగాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయిందంటే రొయ్య పైకి తేలుతుంది. ఎదుగుదలను ఆపే ఈహెచ్‌పీ రోగం సోకిన చెరువైతే మేత ఖర్చు తప్ప కౌంటు కదలదు. అందుకే రేటు జారగానే భయపడి అందరూ ఒక్కసారే పట్టుబడికి దిగుతారు, సరుకు పోటెత్తి ఉన్న రేటు కూడా పోతుంది. ఒక్క సైనికుడు కదల్లేదు, వాషింగ్టన్‌లో ఒక సంతకం పడింది, అంతే. కాలువ లాకుల తలుపు ఎవరి చేతిలో ఉందో శివారు రైతుకు ఎవరూ వివరించక్కర్లేదు. ఆ సుంకం తగ్గినా, సున్నా అయినా తలుపు ఉన్నచోటే ఉంటుంది.

1944లో అమెరికన్ పండితుడు ఫాక్స్ అగ్రరాజ్యాలని మూడింటిని లెక్కగట్టాడు. అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్. పన్నెండేళ్లు తిరిగేసరికి సూయజ్ కాలువ కోసం బ్రిటన్ ఈజిప్టు మీదికి సైన్యాన్ని దింపింది. పౌండు జారిపోతుంటే ఐఎంఎఫ్ సాయం అందకుండా అమెరికా అడ్డుపడింది. కాల్పులు ఆపక తప్పలేదు. అణుబాంబు చేతిలో ఉండి కూడా!

మన దగ్గరా ఒక తలుపుంది, బియ్యం. ప్రపంచ బియ్యం వ్యాపారంలో మన వాటా దాదాపు 40 శాతం. 2023 జులైలో తెల్లబియ్యం ఎగుమతి ఆపేస్తే అంతర్జాతీయ ధర భగ్గుమంది. అయినా ఎవరూ మన మాటకు లొంగలేదు; థాయ్‌లాండ్, వియత్నాం వైపు తిరిగారు. ఇక్కడి ధర పెరుగుతుందన్న భయంతో మనమే మూసుకున్న తలుపు అది. ఇంకో ముచ్చట. కాకినాడ యాంకరేజ్‌లో బార్జిల మీద బస్తాలు మోసుకెళ్లి ఓడకెత్తుతారు. అమ్మేది మనం, తినేది ఆఫ్రికా, బేరం మాత్రం టన్నుకు ఇన్ని డాలర్లని.

ఆ తల్లి రొయ్యలు అమెరికా వాళ్లకు ఊరికే రాలేదు. ఫలానా రోగాలు లేని వెనామీ వంశాలు తయారుచేసే పనిని 1980లలోనే సర్కారు డబ్బుతో మొదలుపెట్టారు. మనం ఆ రోజుల్లో సముద్రంలో పట్టిన టైగర్ రకం తల్లి రొయ్యలతో సీడ్, అంటే పిల్ల, తీశాం; వాటి ద్వారా కూడా వైట్‌స్పాట్ చెరువుల్లోకి దిగింది. ఇప్పటికీ ఖర్చు కలిసొస్తుందని చెరువులో పెరిగిన రొయ్యనే తల్లిగా వాడే హేచరీలున్నాయి. అలాంటి సీడ్‌లో ఎదుగుదల సమంగా ఉండదు, రోగం పిల్లతోపాటే వస్తుంది.

చెన్నైలోని సీబా, అంటే కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ, మన తెల్లరొయ్య ఇండికస్‌ను మెరుగుపరిచే పనిలో ఉంది. అది వెనామీ వేగాన్ని అందుకోవాలంటే ఒక్కో తరంలో మంచి కుటుంబాలను ఏరుతూ ఏళ్ల తరబడి పోవాలి. మధ్యలో డబ్బాగి ఆ కుటుంబాలు చచ్చిపోతే పని మళ్లీ మొదటికొస్తుంది. ఈ పద్దు కింద ఏటా ఎంత కేటాయిస్తున్నారో, అందులో ఎంత ఖర్చవుతోందో మీ పత్రిక ఆరా తీసి రాయాలని కోరుతున్నాం.

– కొందరు ఆక్వా రైతులు, భీమవరం