వాయిదాల డైరీ

నరసరావుపేట,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

మధ్యాహ్నం ఫోన్లో నీ గొంతు తేడాగా ఉంది. పక్కన వార్డెన్ ఉందేమో, అయిదు నిమిషాల్లో పెట్టేశావు. హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు కాబట్టి మనకి ఉత్తరమే దిక్కు. అదీ మంచిదేలే. ఫోనైతే మీ అమ్మ లాక్కుంటుంది, నా వంతు వచ్చేసరికి టైమ్ అయిపోతుంది.

ఇంటర్‌తో పాటు క్లాట్‌కి, అదే లా యూనివర్సిటీల ఎంట్రన్సుకి, చదవాలని దసరాకి వచ్చినప్పుడు బీరువా తలుపుకి అంటించి వెళ్లిన టైమ్‌టేబుల్ చూశాను. పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి పదకొండున్నర దాకా అరగంటకో గడి, గడికో రంగు. స్నానానికి 10 నిమిషాలు. ముచ్చటగా ఉంది. నాలుగు రోజులు కూడా నడవలేదంటే నాకేం ఆశ్చర్యం కలగలేదు. క్లాసులు, స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు పోగా నీ చేతిలో మిగిలేది రోజుకి రెండు గంటలు. అందులో ఎనిమిది గంటల పని కుక్కావు. పట్టక బయటికి వచ్చేసింది, అంతే.

నేను 22 ఏళ్లుగా ప్లీడరు గుమాస్తాని. లా చదవలేదు గానీ కోర్టులో ఒక రోజు ఎలా గడుస్తుందో తెలుసు. పొద్దున కాజ్ లిస్టులో డెబ్బై ఎనభై కేసులుంటాయి. అవన్నీ సాయంత్రానికి తేలవని జడ్జిగారికీ తెలుసు, బంట్రోతుకీ తెలుసు. రెండు మూడు కేసుల్లో సాక్షుల్ని విచారిస్తారు, మిగతా వాటికి తేదీలు వేస్తారు. జనం వాయిదాల్ని తిట్టుకుంటారు, అందులో న్యాయం ఉంది. కానీ తేదీ పడి డైరీలోకి ఎక్కిన కేసు గురించి ఆ రాత్రి నేను ఆలోచించను. నిద్ర పడుతుంది.

తేదీ ఎక్కించని కేసు గురించి కూడా చెప్పాలి. నీకు అప్పుడు మూడేళ్లు. వినుకొండ వైపు ఒక పెద్దాయన పొలం దావా. ఆ రోజు తొందరలో తర్వాతి వాయిదా చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను. చొక్కా ఉతుక్కి వెళ్లిపోయింది. కేసు పిలిచిన రోజున మా తరఫున ఎవరూ లేరు, దావా డిఫాల్ట్‌లో కొట్టేశారు. అలాంటప్పుడు 30 రోజుల్లోపు పునరుద్ధరించమని పిటిషన్ వేసుకోవాలి. మేం చూసుకునేసరికి 26 రోజులు గడిచాయి. ప్లీడరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు ఇంకో డైరీ కొని నా బల్ల మీద పెట్టారు.

ఈ ఉత్తరంతో నీకు పంపేది అలాంటి డైరీయే. ఈ ఏడాదిది ప్లీడరు గారి దగ్గర ఒకటి అదనంగా ఉంటే అడిగి తీసుకున్నాను. ఏ పని, ఏ దశలో ఉంది, తర్వాతి తేదీ ఎప్పుడు, అవే గడులు. రోజుకి రెండు పనులే రాయి, మహా అయితే మూడు. అవ్వనిదానికి ఎదురుగా తేదీ వేసి, ఆ తేదీ పేజీలో మళ్లీ ఎక్కించు. 'రేపు' అని మాత్రం రాయకు, ఏ గుమాస్తా అలా రాయడు. జనవరి నుంచి ఇప్పటిదాకా ఉన్న ఖాళీ పేజీల్లో మాక్ టెస్టుల్లో పోయిన ప్రశ్నలు రాసుకో.

పోయిన క్లాట్ మాక్‌లో 120 ప్రశ్నలకీ జవాబులు దిద్దితే 70 ఒప్పు, 50 తప్పు అన్నావు. తప్పుకి పావు మార్కు చొప్పున పన్నెండున్నర పోయి 57.5 మిగిలాయి. చివరి 20 ప్రశ్నలు చదవకుండానే దిద్దానన్నావు చూడు, అసలు సంగతి అక్కడుంది. రెండు గంటల్లో అన్నన్ని పాసేజీలు, ఒక్కొక్కటి 450 మాటల దాకా. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదానివి, ఇంగ్లిషు చదివే వేగం రాత్రికి రాత్రి రాదు. అందుకే దీనికి వాయిదా వద్దు. రోజూ ఒక పేపరు సంపాదకీయం, ఒక పాసేజీ, గడియారం ఎదురుగా పెట్టుకుని చదువు. కరెంట్ అఫైర్స్‌కీ ఆ పేపరే పనికొస్తుంది. లెక్కలు పది పద్నాలుగుకి మించవు, అదీ టెన్త్ స్థాయి. ఎంఈసీ దానివి, వాటి మీద నీకు బెంగ అక్కర్లేదు. లీగల్ రీజనింగ్‌కి చట్టం ముందే వచ్చి ఉండాలని కూడా లేదు, సూత్రం పాసేజీలోనే ఇస్తారుగా.

ఇంకొకటి. పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. నువ్వేమో మాక్ పొద్దున్నే తాజాగా ఉన్నప్పుడు రాస్తున్నావు. ఆదివారం మెస్‌లో చికెన్ తిన్నాక కళ్లు మూతలు పడే టైముంది చూడు, సరిగ్గా అప్పుడు రాయి.

పరీక్ష డిసెంబరు మొదటి ఆదివారం, దానికి ఏడు వారాలే ఉన్నాయి. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు సంక్రాంతి దాటాకే కదా. కాబట్టి కామర్స్, ఎకనామిక్స్‌లో బరువైన పాఠాలకి డిసెంబరు రెండో వారం నుంచి తేదీలు వేసెయ్. ఈలోగా వారం టెస్టుల్లో ర్యాంకు పడిపోతుంది. పడనీ. కాలేజీ వాళ్లు ఫోన్ చేస్తే నేను మాట్లాడుకుంటాను, ఆ తిట్లు నా ఖాతాలో వేసుకో. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు, మెల్లగా చెబుతాను.

హైదరాబాద్ పక్కన షామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ వస్తుందో, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య గారి పేరున్న లా యూనివర్సిటీ వస్తుందో, రెండూ రాక మన రాష్ట్రం పెట్టే లా ఎంట్రన్సు లాసెట్ రాస్తావో నాకు తెలియదు. నాకైతే సబ్బవరం ఇష్టం. రైలెక్కితే పొద్దుటికల్లా విశాఖలో ఉండొచ్చు, నా స్వార్థం అది.

వచ్చే ఆదివారం మీ అమ్మ సున్నుండలు తీసుకుని వస్తుంది. నేను రాలేను, సోమవారానికి ఫైళ్లు సర్దాలి. ఆ పొలం దావా మళ్లీ పిలుపుకి వస్తోంది. పెద్దాయన పోయాడు, ఇప్పుడు మనవడు తిరుగుతున్నాడు. నువ్వు నల్లకోటు వేసుకునేసరికి కూడా అది నడుస్తూనే ఉంటే నీకే అప్పజెబుతాను.

నాన్న