స్నానాల గదిలో పొయ్యి పెడతారట్రా!

ఒరేయ్ బుజ్జీ,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడంతా క్షేమం. దాళ్వా నాట్లు సగం పడ్డాయి, చెల్లి సీమంతం బాగా జరిగింది, కొబ్బరి రేటు మాత్రం అడక్కు. అసలు సంగతి చెప్పకపోతే నాకు కడుపుబ్బిపోయేలా ఉంది.

ధనుర్మాసం కదా, నాయనమ్మకి తెల్లారగట్ల నాలుగింటికే తలస్నానం. పెరట్లో వేణ్ణీళ్ళ పొయ్యి దగ్గర కూచుని డొక్కలు ఎగదోసే ఓపిక ఎవరికీ లేదు. కరెంటు గీజర్ పెడదామంటే సరిగ్గా ఆ వేళకే కరెంటు పోతుంది. అందుకని గ్యాస్ గీజర్ కొన్నాం. బిగించడానికొచ్చిన కుర్రాడు తిన్నగా స్నానాల గదిలోకెళ్ళి, షవర్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీసేశాడు. ఆ గది ఎంతో నీకు తెలుసుగా, గడియ పడిపోయి నువ్వు మావయ్యని కేకేసిన గదే! పైగా దోమలొస్తున్నాయని నాన్నగారు వెంటిలేటర్‌కి అట్టముక్క కొట్టారు.

"మండిన గాలి ఎటు పోతుంది బాబూ?" అన్నాను.

"గ్యాసుకి పొగే రాదండి ఆయ్!" అన్నాడు. కోటిపల్లి పంటు మీద నువ్వు పెట్టిన మొహం పెట్టాను.

నాన్నగారి భయం వేరు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి జనవరి 8న అంటుకుంటే మార్చి 15 దాకా ఆరలేదు కదా, అప్పట్నుంచీ ఆయనకి గ్యాసంటే లీకే. లీకైతే వాసనొస్తుంది నాన్నగారూ, అందుకేగా అందులో వాసన కలుపుతారు! గాలి చాలక సరిగ్గా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల నొప్పి, కళ్ళు తిరగడం, అంతే, గడియ తీసే ఓపిక కూడా ఉండదు.

"పోనీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టేద్దామండి" అన్నాడు. తలుపేసిన గదిలో ఫ్యాన్ తిరిగితే, మండిన గాలి పోయే గొట్టమున్న గీజర్‌కైనా, పైకి పోవాల్సిన గాలిని మళ్ళీ లోపలికే లాగుతుంది. మనం కొన్నదానికి ఆ గొట్టమే లేదు. సరే, గొట్టం ఉన్న రకమే తెచ్చి పైకి తీద్దామా? దానికి గొట్టం వీలైనంత నిటారుగా లేవాలి, మలుపులు ఎక్కువైతే వేడిగాలి ఎక్కదు. మన పెంకులు కోస్తే వానాకాలమంతా గిన్నెలు పెట్టుకోవాలి. ఫ్యాన్‌తో గోడలోంచి బయటికి నెట్టే రకముంది. గొట్టం బయటివైపు కాస్త వాలుగా ఉండాలి, లేకపోతే వాననీళ్ళు లోపలికొస్తాయి. కానీ ఆ గోడకి అవతల బాబాయిగారి పడగ్గది కిటికీ! మన గాలి వాళ్ళకి పోయడమేగా. పైగా దానికీ కరెంటు కావాలి. గొట్టంలో గొట్టం ఉండి, బయటి గాలే తీసుకుని బయటికే వదిలే రకం అన్నిటికంటే మేలు. ధర వినగానే నాన్నగారు పేపరు తీసుకున్నారు.

ఈలోగా మనవాడు బోరుకి మిగిలిన పీవీసీ పైపు పట్టుకొచ్చి "ఇది సరిపోద్దండి" అంటాడేంట్రా! ఆ వేడికి అది మెత్తబడి వేలాడిపోదూ?

అప్పుడు నాయనమ్మ అరుగు మీంచి లేచొచ్చింది. "బాలింత గదిలో కుంపటి పెట్టినా తలుపు వారగా తీసి ఉంచేవాళ్ళం. వేణ్ణీళ్ళ పొయ్యి పెరట్లో ఉండేది. ఇదీ అక్కడే పెట్టు" అంది. అంతే, వాదన ఖతం.

వెనక గోడకి బయట పెట్టించాను, తాటాకు చూరుకి దూరంగా. గోడలోంచి వేణ్ణీళ్ళ పైపు ఒక్కటే లోపలికొస్తుంది. వాన పడకుండా పైన రేకు వేశాం. "చుట్టూ అలమారలా మూసేయమంటారా?" అనడిగాడు మళ్ళీ! సముద్రం గాలి కొడితే మంట కాస్త ఊగుతోంది, దానికి ఒక పక్క అడ్డం కట్టాలి. మంట మాత్రం నీలంగానే ఉంది, పసుపు తిరిగితే కట్టేయమని అమ్మకి చెప్పాను.

మొన్న ఫోన్లో మీ బెంగుళూరు ఇంట్లో బాత్రూమ్‌లోనే గీజర్ ఉందన్నావు. దానికి గొట్టం ఉందా? ఉంటే అది బయటిదాకా వెళ్తోందా, ఫాల్స్ సీలింగ్‌లో ఆగిపోయిందా? ఓనరుతో నేను మాట్లాడనా? చంటాడికి మాత్రం నీళ్ళు బకెట్‌లో పట్టి, గీజర్ కట్టేశాకే స్నానం చేయించండి, తలుపు తీసి ఉంచి.

దింపు వాళ్ళొచ్చారు, కాయలు లెక్కపెట్టాలి. సీమంతంలో మన 'ఎర్ర సైకిల్' చేసిన ఘనకార్యం చెప్పనే లేదు, వాడు పూతరేకుల పళ్ళెం పట్టుకుని... నాన్నగారు పిలుస్తున్నారు. ఉంటా.

నీ
శీను